గాడ్జిల్లా ఫిగర్ల రివ్యూలు: తరచుగా అడిగే ప్రశ్నలు

జపాన్ సినిమాల్లోని రాక్షస జంతువు గాడ్జిల్లా బొమ్మల (ఫిగర్ల) మీద నేను రాసే రివ్యూలు చదివి చాలామంది అడిగిన ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఒకచోట పెట్టాను. కొనాలా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్లకీ, సొంతంగా రివ్యూ రాద్దామనుకునేవాళ్లకీ పనికొస్తాయి. వరసగా చదవక్కర్లేదు. మొదటి ప్రశ్నని మాత్రం దాటెయ్యకండి, మిగతావన్నీ దాని మీదే నడుస్తాయి.

ఫిగర్ చేతికి రాగానే ముందుగా ఏం చూస్తారు?

ఇది ఏ సినిమాలోని గాడ్జిల్లా అన్నది చూస్తాను. "అచ్చం గాడ్జిల్లాలా ఉంది" అని రాసిన రివ్యూ వల్ల ఎవరికీ ఉపయోగం లేదు, ఎందుకంటే అలాంటి ఒకే ఒక్క గాడ్జిల్లా లేదు. 1954లో మొదటి సినిమా వచ్చింది మొదలు ఆ సినిమాలు తీసే జపాన్ సంస్థ టోహో దాదాపు ప్రతి సినిమాకీ కొత్త సూట్ (నటుడు లోపల దూరి వేసుకునే గాడ్జిల్లా వేషం) చేయించింది, లేదంటే పాతదానికే తల మార్చి, పళ్లు మార్చి వాడుకుంది. అభిమానులు ఒక్కో సూట్‌ని ఒక్కో పేరు పెట్టి పిలుస్తారు.

1954 సూట్‌కి చిన్న చెవులున్నాయి, పాదానికి నాలుగు వేళ్లున్నాయి. 1962లో కింగ్ కాంగ్‌తో తలపడేసరికి చెవులు పోయాయి, వేళ్లు మూడయ్యాయి. 1984లో కథని మళ్లీ మొదలుపెట్టినప్పుడు చెవులూ వచ్చాయి, నాలుగో వేలూ వచ్చింది. 1989 సూట్‌కి నోట్లో పళ్లు రెండు వరసలు. 1999లో వీపు పలకలు బాగా పెద్దవై, కొసలు పదునెక్కి, ఊదారంగుకి తిరిగాయి. 2001లో కళ్లలో నల్లగుడ్డే లేదు, మొత్తం తెలుపు. ఆ ఒక్క మార్పుకే మొహంలో జాలీ దయా లేకుండా పోయింది. 2016 'షిన్ గాడ్జిల్లా'కి కళ్లు చిన్నవి, చేతులు బక్కవి, తోక మాత్రం ఒంటికి మించిన పొడవు.

కాబట్టి బాక్స్ మీద 1989 అని రాసి, నోట్లో ఒకే వరస పళ్లు పెడితే అది తప్పే. మిగతా ఫిగర్ ఎంత అందంగా ఉన్నా ఆ మాట రివ్యూలో రావాలి. సినిమాలోని స్టిల్స్ నాలుగైదు పక్కన పెట్టుకుని, చెవులు, పళ్లు, వేళ్లు, వీపు పలకల వరసలు, తోక కొస అనే క్రమంలో పోల్చుకుంటూ వస్తాను. ఫోటోలు కంపెనీ ప్రచారానివి కాకుండా సినిమావే అయ్యుండాలి. ప్రచారం ఫోటోలో ఉండేది చాలాసార్లు చేత్తో రంగు వేసిన నమూనా. మనకొచ్చేది ఫ్యాక్టరీ ముక్క.

గాడ్జిల్లా ఆకుపచ్చ కదా? నల్లటి ఫిగర్లే ఎందుకొస్తున్నాయి?

కాదు. తెర మీద చాలాకాలం ఉన్నది బొగ్గు నలుపు, ముదురు బూడిద. పోస్టర్ల మీదా, అమెరికాలో అమ్మిన బొమ్మల మీదా వేసిన ఆకుపచ్చ అలా జనం మనసులో ఉండిపోయింది. నిజంగా పచ్చటి చర్మం కనిపించింది 1999 సూట్‌లో.

1954 ఫిగర్ల దగ్గర ఇంకో చిక్కుంది. ఆ సినిమా బ్లాక్ అండ్ వైట్. మొదటి రంగుల గాడ్జిల్లా 1962లో గానీ రాలేదు. అందుకే 1954 ఫిగర్ రంగు చూసి "తప్పు" అని తీర్పు చెప్పడానికి నేను జంకుతాను. ఒక కంపెనీ ముదురు గోధుమ వేస్తుంది, ఇంకో కంపెనీ బూడిద వేస్తుంది. కొందరు సినిమా తెర మీద కనిపించినట్టే ఉండాలని పూర్తిగా నలుపు తెలుపుల్లో దించుతారు, నాకు అదే నచ్చుతుంది. అయితే ఇది ఇష్టం కిందికి వస్తుంది, దీన్ని నాణ్యత లెక్కలో కలపకూడదు.

పెయింట్ బాగుందో లేదో ఎలా తేలుస్తారు?

నోరు తెరిచి చూడండి. ఫ్యాక్టరీ ఎక్కడ శ్రద్ధ పెట్టిందో, ఎక్కడ చేతులెత్తేసిందో అక్కడ బయటపడుతుంది. పదహారు సెంటీమీటర్ల ఫిగర్‌లో ఒక్కో పన్ను ఆవగింజంత కూడా ఉండదు. ఆ పన్నుకి తెలుపు, చిగురుకి ఎరుపు, రెంటికీ మధ్య గీత, లోపల నాలుక మీద కాస్త తడి మెరుపు. ఇవన్నీ ఒకదాని మీదికి ఒకటి పొంగకుండా ఉంటే ఆ పని చేసినవాళ్లకి దణ్ణం పెట్టొచ్చు. మామూలుగా జరిగేది ఏమిటంటే, తెలుపు చిగురు మీదికి జారుతుంది, లేదంటే నాలుగైదు పళ్లు కలిసిపోయి ఒకే తెల్లగీతలా కనిపిస్తాయి. దూరం నుంచి అది కట్టుడుపళ్ల సెట్టులా ఉంటుంది.

తర్వాత కళ్లు. రెండు గుడ్లూ ఒకే దిక్కు చూస్తున్నాయా? మెల్లకన్ను పడితే ఎంత భయంకరమైన ఫిగరైనా నవ్వులపాలే. నాలుగేళ్ల మేనకోడలు చూసి పకపకా నవ్విన ఫిగర్ ఒకటి మా ఇంట్లో ఉంది. దాని గురించి రివ్యూలో అంతకన్నా రాయాల్సింది లేకపోయింది.

ఆ తర్వాతే చర్మం. గాడ్జిల్లా చర్మం పాము పొలుసుల్లా ఉండదు. గరుకుగా, మచ్చలు తేలి, ముద్దముద్దగా ఉంటుంది. అణుబాంబుకి గురైనవాళ్ల ఒంటి మీద మిగిలిన కాలిన మచ్చల నుంచి ఆ రూపం తీసుకున్నారని చెబుతారు. 1954 నాటికి హిరోషిమా, నాగసాకి జరిగి తొమ్మిదేళ్లే. ఇంత గరుకు చర్మం మీద రంగు తేలాలంటే డ్రై బ్రష్ చేయాలి, అంటే బ్రష్ మీద రంగు దాదాపు తుడిచేసి, ఎత్తుగా ఉన్న చోట్లకి మాత్రమే లేత బూడిద తగిలించాలి. అది చేయకుండా ఒకే నలుపు పోసేస్తే శిల్పి పడ్డ కష్టమంతా ఆ నలుపులో మునిగిపోతుంది. టార్చ్ వెలుతురుని పక్క నుంచి వేసి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. శిల్పం బాగుండి రంగు లేకపోతే ఆ మాట విడిగా రాస్తాను, ఎందుకంటే బ్రష్ పట్టడం వచ్చినవాళ్లకి అలాంటి ఫిగర్ చవగ్గా దొరికిన మంచి బేరం.

బాక్స్ మీద 12 అంగుళాలని ఉంది, తీసి చూస్తే ఏడే ఉంది. మోసమా?

మోసం కాదు, కొలిచిన పద్ధతి వేరు. అమెరికాకి చెందిన నెకా సంస్థ తన గాడ్జిల్లాల కొలతని తల నుంచి తోక చివరిదాకా చెప్పింది, నిలువెత్తు అందులో సగం పైచిలుకు. జపాన్ బొమ్మల కంపెనీ బండాయ్ వాళ్ల ఎస్‌హెచ్ మాన్‌స్టర్‌ఆర్ట్స్ అనే సిరీస్ ఫిగర్లకి ఇచ్చేది నిలువెత్తు, మిల్లీమీటర్లలో. నా రివ్యూల్లో మూడు కొలతలు ఇస్తాను: నేల నుంచి నడినెత్తికి, నేల నుంచి అన్నింటికన్నా ఎత్తైన పలక కొసకి, ముక్కు నుంచి తోక చివరికి. మీ షెల్ఫ్ లోతు ఎంతుందో మూడో కొలతతో పోల్చుకోండి. గాడ్జిల్లా కొన్నవాళ్లకి ఎదురయ్యే మొదటి తలనొప్పి తోకే.

వేర్వేరు సినిమాల గాడ్జిల్లాల్ని పక్కపక్కన పెడితే స్కేల్ కుదురుతుందా?

కుదరదు. 1954లో గాడ్జిల్లా ఎత్తు 50 మీటర్లు. 1984లో 80 అయింది, 1991లో 100, షిన్ గాడ్జిల్లా 118.5, 2023 నాటి 'మైనస్ వన్'లో మళ్లీ 50.1కి దిగింది. 2017 యానిమేషన్‌లో ఏకంగా 300. చుట్టూ భవనాలు పెరిగేకొద్దీ దాన్నీ పెంచుతూ పోయారు. కంపెనీలు మాత్రం అన్నింటినీ దాదాపు ఒకే సైజులో చేస్తాయి. 50 మీటర్లది 15 సెంటీమీటర్లకి దించితే అది సుమారు 1/333. షిన్‌ని 18 సెంటీమీటర్లలో చేస్తే సుమారు 1/658. రెండూ పక్కపక్కన ఒకే కుటుంబంలా నిలబడతాయి గానీ నిజానికి ఒకదాని తల ఇంకోదాని నడుము దాటదు. స్కేల్ పట్టింపున్నవాళ్లు ఒకే సినిమాలోని శత్రువులతో సెట్ కట్టుకోవడం మేలు.

జాయింట్లు ఎన్ని ఎక్కువుంటే అంత మంచిదా?

ఈ ప్రశ్నకి జవాబు కొంచెం పెద్దది, ఓపిక పట్టండి.

సూపర్‌హీరో ఫిగర్‌కి మోచెయ్యి పూర్తిగా మడవాలి, మోకాలు పూర్తిగా ముడుచుకోవాలి. గాడ్జిల్లాకి అవసరం లేదు. 1954 నుంచి 1972 దాకా పన్నెండు సినిమాల్లో ఆ సూట్ వేసుకున్నది హరువో నకజిమా. మొదటి సూట్ దాదాపు వంద కిలోల బరువు. దానిలో మనిషి నిలబడటమే గగనం, ఇంక కాళ్లెత్తడం ఎక్కడ? పెద్ద జంతువులు బరువు ఎలా మోస్తాయో తెలుసుకోవడానికి ఆయన జూకి వెళ్లి ఏనుగుల్ని, ఎలుగుబంట్లని చూసేవారట. తెర మీద మనం చూసే ఆ ఈడ్చుకుంటూ వచ్చే నడక అలా పుట్టింది. కనుక పాత సూట్ల ఫిగర్‌లో మోకాలు తొంభై డిగ్రీలు వంగిందని సంబరపడక్కర్లేదు. అలా వంచి నిలబెడితే అది గాడ్జిల్లాలా కాక, గాడ్జిల్లా వేషం కట్టిన పిల్లాడిలా కనిపిస్తుంది.

నాకు కావలసిన కదలికలు వేరే. మెడ కిందికి వంగాలి, కాళ్ల దగ్గరున్న నగరాన్ని చూడాలి కదా. పైకీ లేవాలి, గర్జించేటప్పుడు తల ఆకాశంలోకి పోవాలి. ఇవి రెండూ కుదిరే ఫిగర్లు మనం అనుకున్నంత ఎక్కువ లేవు, గొంతు దగ్గర ముద్ద అడ్డొస్తుంది. చీలమండ పక్కకి ఒరగాలి, అప్పుడే కాళ్లు ఎడంగా పెట్టినా అరికాలు మొత్తం నేలకి ఆనుతుంది. దవడ తెరుచుకోవాలి, తెరిచాక మళ్లీ మూస్తే మూసుకోవాలి.

అన్నింటికన్నా ముఖ్యం తోక. కణుపు కణుపుగా చేసిన తోకలో ప్రతి కణుపూ కాస్త తిరిగితే మొత్తం మీద పాములా మెలిక వస్తుంది. తోక నేలకి ఆనితే ఫిగర్‌కి మూడో కాలు దొరికినట్టే, స్టాండ్ లేకుండా నిలబడుతుంది. అయితే తోక పైకి లేపి ఉంచాలంటే మొదటి రెండు మూడు జాయింట్లు బరువు మోయాలి. అక్కడ వదులుంటే పెట్టిన రోజు బాగానే ఉంటుంది, వారం తిరిగేసరికి తోక నేల మీద ఉంటుంది. అందుకే నేను బాక్స్ తెరిచిన రోజే రివ్యూ రాయను. తోక ఎత్తి, నోరు తెరిచి షెల్ఫ్ మీద పెట్టి వదిలేస్తాను. ఎక్కడ జారిందో, ఎటు ఒరిగిందో తర్వాత చూసి రాస్తాను. అన్‌బాక్సింగ్ వీడియోలు ఎన్ని చూసినా ఈ సంగతి తెలియదు.

జాయింట్ల వల్ల పోయేదీ ఉంది. తొడ ఎత్తగానే తుంటి దగ్గర ఖాళీ కనిపిస్తుంది, చర్మం గీతలు తెగిపోతాయి. మంచి డిజైనర్ అతుకుని చర్మపు మడతలోకి నెట్టి దాచేస్తాడు. కదిలించకుండా అలా నిలబెట్టి ఉంచేవాళ్లకి అసలు జాయింట్లు లేని వినైల్ బొమ్మే అందంగా ఉంటుంది.

వినైల్ అంటే? అది యాక్షన్ ఫిగర్ కాదా?

జపాన్‌లో సోఫుబి అంటారు, మెత్తటి వినైల్‌తో లోపల బోలుగా పోతపోసిన బొమ్మ. 1960ల్లో మారుసాన్, తర్వాత బుల్‌మార్క్ అనే కంపెనీలు చేసినవి ఇవాళ పాత సరుకు సేకరించేవాళ్ల కలలపంట. ఇప్పుడు ఎక్స్‌ప్లస్ అనే కంపెనీ చేసే పాతిక, ముప్పై సెంటీమీటర్ల వినైల్ గాడ్జిల్లాలు సూట్‌కి ఎంత దగ్గరగా ఉంటాయంటే, పోలిక ఒక్కటే కొలమానం అయితే జాయింట్ల ఫిగర్లు వాటి ముందు నిలవవు. భుజాలు, మెడ కొద్దిగా తిరుగుతాయి, అంతే. బండాయ్ మూవీ మాన్‌స్టర్ సిరీస్ కూడా వినైలే, చిన్నది, చవకది.

ఫిగర్‌కి జాయింట్ బిగుసుకుపోయి ఉంది. తిప్పితే విరుగుతుందేమోనని టెన్షన్.

తిప్పకండి. వేడి నీళ్లలో (మరుగుతున్నవి వద్దు) ఆ భాగాన్ని కాసేపు ముంచండి, లేదా హెయిర్ డ్రయ్యర్ దూరంగా పట్టి వెచ్చబెట్టండి. ప్లాస్టిక్ మెత్తబడ్డాక మెల్లగా అటూ ఇటూ ఆడించండి. రంగు అంటుకుని బిగుసుకున్న జాయింట్ చిన్న టక్ శబ్దంతో వదులుతుంది. పిడి తెగిన శబ్దం వేరేగా ఉంటుంది, అది వినకుండా ఉండటానికే ఇదంతా. రవాణాలో వంగిపోయిన వీపు పలకలకీ ఇదే మందు: వెచ్చబెట్టి, సరిచేసి, చల్లటి నీళ్లలో ముంచితే ఆ ఆకారంలోనే గట్టిపడతాయి.

మరి వదులైపోతే?

జాయింట్ విడదీసి గుండు మీద ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు పలచగా పూసి, పూర్తిగా ఆరాక తిరిగి తొడగండి. నచ్చకపోతే గోటితో గీకితే ఊడివస్తుంది. సూపర్ గ్లూ వాడేవాళ్లున్నారు. అలవాటు లేని చేతికి అది మంచిది కాదు, ఒక్క క్షణం ఆలస్యమైతే జాయింట్ శాశ్వతంగా అతుక్కుంటుంది.

మన ఎండలకి ఫిగర్లు పాడవుతాయా?

అవుతాయి. ఇది జపాన్, అమెరికా రివ్యూల్లో పెద్దగా కనిపించని విషయం కాబట్టి వివరంగా చెబుతాను. ఫిగర్‌లో మెత్తటి భాగాలు పీవీసీ, గట్టి భాగాలు ఏబీఎస్, రెండూ ప్లాస్టిక్ రకాలే. పీవీసీ మెత్తగా ఉండటానికి అందులో ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి పదార్థం కలుపుతారు. వేడికి అది మెల్లగా పైకి ఊరుతుంది. గాలి ఆడని బాక్స్‌లో అయితే ఊరినది ఊరినట్టే ఉపరితలం మీద నిలిచి, ఫిగర్ జిగటగా తయారవుతుంది. దుమ్మంతా దానికే అంటుకుంటుంది. గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ వేసి మెత్తటి బ్రష్‌తో కడిగి, నీడన ఆరబెట్టండి. థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్, స్పిరిట్ జోలికి పోవద్దు, రంగు లేచిపోతుంది.

ఏప్రిల్, మే నెలల్లో పార్సిల్ వస్తే దిగిన వెంటనే తెరవకుండా ఫ్యాన్ కింద కాసేపు ఉంచండి. రెంటచింతల, రామగుండం వైపు మధ్యాహ్నం డెలివరీ వ్యాన్ లోపలి వేడిని ఊహించుకోండి. మెత్తబడి ఉన్న కాలిని అప్పుడే గట్టిగా పట్టుకుని తిప్పితే అది వంగినచోటే వంగి ఉండిపోతుంది. విశాఖ, కాకినాడ వైపు ఉక్కపోతతో ఇంకో బాధ, బాక్స్ అట్టకి బూజు. సిలికా జెల్ పొట్లాలు పడేస్తే చాలు, తడి పీల్చుకున్నవాటిని ఎప్పటికప్పుడు మారుస్తూ ఉండాలి. కిటికీ ఎదురుగా ఎండ పడే షెల్ఫ్ ఎక్కడైనా వద్దు. లేత రంగు, పారదర్శక భాగాలు పసుపెక్కుతాయి.

దుమ్ము?

మేకప్ బ్రష్. కొత్తది కొనుక్కోండి, ఇంట్లో ఉన్నది తీయకండి.

డూప్లికేట్‌ని ఎలా పట్టుకోవాలి?

అడుగున "మేడ్ ఇన్ చైనా" అని ఉందని నకిలీ అనుకోవద్దు. అసలైనవి కూడా చాలావరకు అక్కడే తయారవుతాయి. చూడాల్సింది టోహో కాపీరైట్ గుర్తు బాక్స్ మీదా, ఫిగర్ మీదా ఉందా అన్నది. పాదం అడుగునో, తోక కిందో చిన్న అక్షరాల్లో ఉంటుంది. బాక్స్ ముద్రణ మసగ్గా ఉన్నా, జపనీస్ అక్షరాలు అరిగిపోయినట్టున్నా అనుమానించండి. నకిలీ తెరవగానే ఘాటైన కిరసనాయిలు లాంటి వాసన కొడుతుంది. చర్మం గరుకు తగ్గి నున్నగా ఉంటుంది, ఎందుకంటే అసలు ఫిగర్ నుంచే అచ్చు తీసి పోస్తారు, ప్రతి నకలుకీ గీతలు చచ్చుబడతాయి. నల్లరంగు నిగనిగా మెరుస్తుంది. అమ్మేవాడు కంపెనీ ఫోటోలు తప్ప తన చేతిలోని ముక్క ఫోటో పంపనంటే బేరం అక్కడితో ఆపెయ్యడం మంచిది. ఒక అమ్మకందారు నాకు "అదే ఫ్యాక్టరీ సార్, బాక్స్ ఒక్కటే లేదు" అన్నాడు. వచ్చిన దానికి ఎడమ చెయ్యి కూడా లేదు.

నకిలీలకి నేను రివ్యూ రాయను. పోల్చి చూపించడానికి ఫోటో పెడతాను, అంతవరకే.

ఇండియాకి తెప్పించుకుంటే కస్టమ్స్ ఎంత పడుతుంది?

రూపాయల్లో ముందే చెప్పడం కుదరదు. పార్సిల్ ఏ దారిన వచ్చింది, విలువ ఎంత వేశారు, ఏ కోవలో పెట్టారు అన్నదాన్ని బట్టి మారుతుంది. ఒకటి గుర్తుంచుకోండి: బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. దేశంలో బొమ్మల తయారీని పెంచడానికి తెచ్చిన మార్పు అది, దెబ్బ మాత్రం మనలాంటివాళ్లకీ తగిలింది. 2021 జనవరి నుంచి 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు కూడా తప్పనిసరి. జపాన్ కలెక్టర్ ఫిగర్ల బాక్స్ మీద 15 ఏళ్లు పైబడినవారికి అని ఉంటుంది, ఆ వైపు ఫోటో తీసి దగ్గర పెట్టుకోండి, అడిగితే చూపించొచ్చు. రివ్యూల్లో ధర గురించి రాసేటప్పుడు నేను జపాన్ ధరని, ఇంటికి చేరేసరికి అయిన ఖర్చుని వేరువేరుగా రాస్తాను. విలువ తగ్గించి రాయమని అమ్మేవాడిని అడగమని మాత్రం నేను సలహా ఇవ్వను. పార్సిల్ పోతే బీమా కూడా ఆ తగ్గించిన విలువకే వస్తుంది.

అమెరికాలో ఉన్న అన్నయ్యో వదినో వస్తూ తెచ్చే పద్ధతి అందరికీ తెలిసిందే. బాక్స్ విప్పి తెమ్మని చెప్పండి. సూట్‌కేసులో బాక్స్ తినే చోటుకి ఇంకో రెండు కిలోల బాదంపప్పు తెచ్చేదాన్నని వదిన అనకుండా ఉంటుంది.

ఫోటోల్లో మీ ఫిగర్లు పెద్దగా కనిపిస్తాయి. ఏ కెమెరా?

ఫోన్. కెమెరా ఎక్కడ పెట్టామన్నదే అసలు విషయం. మొదటి సినిమాకి స్పెషల్ ఎఫెక్ట్స్ చూసిన ఎయిజి త్సుబురాయా బృందం భవనాల నమూనాల్ని 1/25 స్కేల్‌లో కట్టి, కెమెరాని కింద, భవనాల ఎత్తుకి దించి తీసింది. వేగంగా తీసి మామూలు వేగంతో చూపిస్తే కూలే గోడకి బరువు వచ్చింది. ఫోటోలో వేగం సంగతి లేదు గానీ ఎత్తు సూత్రం అదే. ఫోన్‌ని తలకిందులు చేసి, లెన్స్ టేబుల్‌కి ఆనేలా పెట్టి పైకి చూడండి. నల్లటి ఫిగర్‌ని నల్లటి గుడ్డ ముందు పెట్టకండి, బూడిద రంగు చార్ట్ చాలు. వెలుతురు ఎదురు నుంచి కాక పక్క నుంచి రావాలి. ఫోన్ నలుపుని చూసి మొత్తం వెలుగు పెంచేస్తుంది, వేలితో కొంచెం తగ్గించండి. 1995 నాటి ఒళ్లంతా మండుతున్న గాడ్జిల్లా లాంటి పారదర్శక నారింజ భాగాలున్నవాటికి వెనక నుంచి చిన్న లైటు ఒకటి పెట్టి చూడండి, ఫిగర్ డబ్బులు అప్పుడు గిట్టుబాటవుతాయి.

రివ్యూకి మాత్రం అందమైన ఫోటోలు కాక, చేత్తో పట్టుకుని తీసిన మామూలు ఫోటో ఒక్కటైనా ఉండాలి.

నోట్లోంచి వచ్చే కిరణం ముక్క ఇస్తే అది ప్లస్సా?

నిలిస్తే ప్లస్. చాలాసార్లు ఆ ముక్క బరువుకి మెడ వాలిపోతుంది, విడిగా ఆధారం ఇచ్చారో లేదో చూడండి. రంగు కూడా సినిమాని బట్టే: 1954లో అది ఆవిరిలా తెల్లటి పొగ, తర్వాతి సినిమాల్లో నీలం, షిన్‌లో ఊదా. 'మైనస్ వన్'లో కిరణం వదిలే ముందు వీపు పలకలు తోక వైపు నుంచి ఒక్కొక్కటే పైకి లేచి, అన్నీ ఒక్కసారిగా లోపలికి దిగుతాయి. పలకలు కదలని ఫిగర్ ఆ ఘట్టంలో ఏదో ఒక్క క్షణాన్నే చూపించగలదు. ఏ క్షణాన్ని ఎంచుకున్నారన్నది నేను తప్పకుండా రాస్తాను.

పదికి ఎన్ని మార్కులో ఎందుకు వెయ్యరు?

శిల్పానికి తొమ్మిది, జాయింట్లకి అయిదు వేసి కలిపి ఏడు అంటే, షెల్ఫ్ మీద కదలకుండా పెట్టుకునేవాడికీ, రోజూ భంగిమ మార్చేవాడికీ ఇద్దరికీ అబద్ధం చెప్పినట్టే. ఎవరు కొనొచ్చో, ఎవరు కొనకూడదో రెండు వాక్యాల్లో రాస్తాను.

కంపెనీలు ఉచితంగా పంపితే?

మొదటి వాక్యంలోనే చెబుతాను. ఇంకో తేడా కూడా రాయాలి: ఉచితంగా పంపే ముక్కని ఏరి పంపే అవకాశం ఉంది. మీకు వచ్చేది ఏరనిది.

1998 హాలీవుడ్ గాడ్జిల్లా ఫిగర్లకి రివ్యూ ఉందా? మేం చిన్నప్పుడు చూసింది అదే.

మనలో చాలామందికి గాడ్జిల్లా అంటే ముందు అదే. ముందుకి వంగి, బల్లిలా పరిగెత్తేది. జపాన్ అభిమానులకి అది గిట్టలేదు, టోహో తర్వాత దానికి 'జిల్లా' అని వేరే పేరు పెట్టింది. ఫిగర్‌గా చూస్తే మంచి సబ్జెక్టే, తోక, తల తక్కెడలో తూచినట్టు కుదిరి రెండు కాళ్ల మీద నిలవడం ఇంజినీరింగ్ పరీక్ష. మార్కెట్లో పాతవే ఎక్కువ కాబట్టి కొనేముందు జిగట పట్టిందేమో చూసుకోండి. 2021, 2024లో కాంగ్‌తో కలిసి వచ్చిన సినిమాలు తెలుగులో కూడా విడుదలయ్యాక, ఇప్పటి పిల్లలకి నిటారుగా నిలబడేదే గాడ్జిల్లా.

పిల్లలకి ఇవ్వొచ్చా?

జాయింట్లున్న కలెక్టర్ ఫిగర్ వద్దు. పలకల కొసలు గుచ్చుకుంటాయి, చేతులు ఊడి చిన్న ముక్కలవుతాయి, పైగా మీ గుండె ఆగుతుంది. వినైల్‌ది ఇవ్వండి, కొరికినా విసిరినా తట్టుకుంటుంది, నోట్లో పెట్టుకునే వయసు మాత్రం దాటి ఉండాలి. 1970ల చివర్లో అమెరికాలో మాటెల్ అనే బొమ్మల కంపెనీ అమ్మిన పెద్ద గాడ్జిల్లాకి పిడికిలి తూటాలా ఎగిరేది, మీట నొక్కితే నాలుక మంటలా బయటికొచ్చేది. సినిమాలో ఎక్కడా లేని సంగతులు, పిల్లలకి అవే నచ్చాయి.

సంక్రాంతికి బొమ్మల కొలువులో పెట్టొచ్చా?

మా ఇంట్లో దాన్ని "ఆ బల్లి" అంటారు. కింది మెట్టు మీద, ఊరు సెట్టింగ్ పక్కన చోటిచ్చారు. పేరంటానికొచ్చిన పిల్లలు ముందు దాని దగ్గరికే వెళ్లారు.

బాక్స్ విప్పితే విలువ పడిపోతుంది కదా, సీల్ అలాగే ఉంచితే?

అమ్ముకోవడానికే కొంటే ఉంచండి. కానీ పైన చెప్పిన జిగట సంగతి సీల్డ్ బాక్స్‌లోనే ఎక్కువ. విప్పి, ట్రే, కాగితం, బాక్స్ అన్నీ దాచిపెడితే అమ్మేటప్పుడు పోయేది పెద్దగా ఉండదు.

అయిపోయిన ఫిగర్ మూడు రెట్ల ధరకి దొరుకుతోంది. కొనేయాలా, ఆగాలా?

2010లో మాన్‌స్టర్‌ఆర్ట్స్ మొదలైనప్పటి నుంచి బండాయ్ అదే అచ్చుని రంగు మార్చి, కొత్త ముక్కలు చేర్చి మళ్లీ విడుదల చేయడం మామూలే. అలా వచ్చినప్పుడల్లా పాతదాని ధర దిగుతుంది, చాలాసార్లు కొత్తదాని పెయింటే బాగుంటుంది కూడా. అందరూ అడిగే సూట్ అయితే, అంటే 1954, 1989, షిన్ లాంటివైతే ఆగండి, ఏదో రూపంలో మళ్లీ వస్తుంది. పెద్దగా ఎవరూ పట్టించుకోని శత్రు రాక్షసుల ఫిగరైతే మళ్లీ అచ్చు వేస్తారన్న నమ్మకం తక్కువ. అలాంటిది సరైన స్థితిలో కనిపించి, చేతిలో డబ్బుంటే, ముందు తోక జాయింట్ల వీడియో ఒకటి పంపమని అమ్మేవాడిని అడగండి.